రికార్డు మీద సంతకం పెట్టని మేడం

పోయిన మంగళవారం పొద్దున్నే మా అమ్మాయి సుధ అవనిగడ్డ నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, మేడం పోయారు" అంది. ఏ మేడమో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో పేరు లేకుండా మేడం అంటే ఒక్కరే. మచిలీపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా జువాలజీ బోధించి, నాలుగేళ్ళ కిందట పదవీ విరమణ చేసిన రత్నకుమారి గారు. సోమవారం సాయంత్రం కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూనే ఒరిగిపోయారట. బందరులో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుందని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఇదే ఊళ్ళో జరిగిన ఈ మరణం నాకు దివిసీమ నుంచి తెలిసింది.

ఆఫీసుకు వెళ్ళి వార్త రాద్దామని కూర్చున్నాను. మరణ వార్త నాకు కొత్త కాదు. వయసు, ఊరు, ఉద్యోగం, సంతాపం తెలిపినవారి పేర్లు. అయిదు నిమిషాల పని. ఆ రోజు రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. లేచి కిటికీ దాకా వెళ్ళాను, వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చివరికి మా సహ విలేకరి రాసి పంపారు. మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. వాటిలో తప్పేమీ లేదు. ఆ లైన్లలో ఆవిడ కూడా లేరు. అందుకని ఇది రాస్తున్నాను.

రత్నకుమారి గారిది కోడూరు దగ్గర పల్లె. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, కొంగుకు ఎప్పుడూ ఫార్మలిన్ వాసన. చేతిసంచిలో కళ్ళజోడు పెట్టె పక్కనే ఒక ఫోర్సెప్స్ ఉండేది. చదువు పూర్తయ్యాక ఈ ఊరొచ్చి, ఉద్యోగమే సంసారంగా బతికారు. పదిహేడేళ్ళ విద్యార్థిని కూడా 'మీరు' అనేవారు. అదేమిటండీ అని తోటి అధ్యాపకులు నవ్వితే, "వానపాము గురించే మర్యాదగా మాట్లాడతాను, వీళ్ళని నువ్వంటానా అండీ?" అన్నారట.

ఆవిడను తెలియనివాళ్ళ కోసం మా ప్రాంతపు జూన్ నెల గురించి కొంచెం చెప్పాలి. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివిన పిల్లలు ఎంసెట్ రాసి ఉంటారు. చాలామందికి మెడికల్ సీటుకు చాలని ర్యాంకు వస్తుంది. అప్పుడు రెండు దారులుంటాయి. బి.జెడ్.సి., అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం తీసుకుని బి.ఎస్సీ.లో చేరడం ఒకటి. గుడివాడలో లాంగ్ టర్మ్ కోచింగ్‌కు చేరి, హాస్టల్లో ఉండి, ఏడాదంతా మళ్ళీ ఎంసెట్‌కే చదవడం రెండోది. ఏ దారో తేల్చుకోవడానికి ఇచ్చే వ్యవధి వారం, పది రోజులు. ఆ రోజుల్లో ఆవిడ కాలేజీ వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవారు. ఎవరూ వేసిన డ్యూటీ కాదు. అప్లికేషన్ ఫారం తీసుకున్న ప్రతివాళ్ళూ ముందు ఆవిడ దగ్గరకు వెళ్ళడం అలవాటైపోయింది.

ఒకసారి నేనక్కడే ఉన్నాను. పామిడిముక్కల నుంచి ఒక రైతు తన కొడుకును తీసుకొచ్చాడు.

"మావాడికి బి.జెడ్.సి. రాయండి మేడం గారూ."

"మీ పేరేంటండీ?" ఆవిడ కుర్రాడి వైపు చూసి అడిగారు.

"వెంకటేశ్వరరావండీ," అన్నాడు తండ్రి.

"అబ్బాయిని అడిగానండీ."

"వాడు మాట్లాడడండీ. ఏదైనా నన్నడగండి."

"అయితే మీరు చేరతారా? సీట్లున్నాయి."

కుర్రాడు పక్కున నవ్వాడు. తండ్రి కూడా నవ్వక తప్పింది కాదు. "మీరు అలా వెళ్ళి టీ తాగి రండి, మేమిద్దరం మాట్లాడుకుంటాం" అని ఆయన్ను గేటు దాకా పంపేశారు. ఆ తండ్రి తిరిగొచ్చేసరికి ఫారంలో గ్రూపు మారిపోయి ఉంది. ఆయనకు కోపం వచ్చింది కూడా. "మీ వాడికి మాట వచ్చండీ, బాగానే వచ్చు" అన్నారు ఆవిడ, ఫారం ఆయన చేతిలో పెడుతూ.

నాకూ ఆవిడకూ పరిచయమే ఒక తగువుతో మొదలైంది. ఎంసెట్ ఫలితాలు వచ్చిన మర్నాడు ఒక కోచింగ్ సెంటర్ విజయాల గురించి పెద్ద వార్త రాశాను. ర్యాంకర్ల ఫోటోలు వరసగా వేశాం. మధ్యాహ్నం ఆవిడ పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చారు.

"ఇది మీరే రాశారాండీ?"

"అవునండీ."

"అక్కడ మొత్తం ఎంతమంది చదివారో రాయలేదు."

"వాళ్ళు చెప్పలేదండీ."

"అడగరా విలేకరులు?"

ఆవిడ పేపరు నా బల్ల మీద పెట్టి, "ఫోటో రానివాళ్ళు నా దగ్గరకు వస్తారండీ, అందుకని అడిగాను" అని వెళ్ళిపోయారు. ఉద్యోగంలో నన్ను అంత క్లుప్తంగా దిద్దినవాళ్ళు లేరు. ఆ తర్వాత కాలేజీ వైపు వెళ్తే ఆవిడను పలకరించకుండా వచ్చేవాణ్ణి కాదు. అయినా మా ఇంటి విషయం వచ్చేసరికి నేను నేర్చుకున్నదేమీ పనికి రాలేదు.

తొంభైల చివర్లో మా సుధ బై.పి.సి. పూర్తి చేసింది. ర్యాంకు వచ్చింది గానీ సీటు దాకా రాలేదు. అప్పుడు బందరులో పదిమందీ చేసే పనే మేమూ చేశాం. బి.జెడ్.సి.లో పేరు రాయించాం, మనిషిని గుడివాడ పంపాం. సీటు వస్తే సరే, రాకపోతే డిగ్రీ మొదటి ఏడాదైనా చేతిలో ఉంటుందని లెక్క. హాజరు ఎలాగోలా సర్దుకునేవాళ్ళు. ప్రాక్టికల్ రికార్డు దగ్గరే చిక్కు. ఏడాది పొడుగునా లాబ్‌లో చూసి గీయాల్సిన బొమ్మల పుస్తకం అది. గుడివాడలో ఉన్న పిల్ల బందరు లాబ్‌లో ఎలా గీస్తుంది? దానికీ మనుషులుండేవారు. పెడనలో కలంకారీ అచ్చులకు డిజైన్లు గీసే ఒకతను రికార్డులు గీసిపెడతాడని తెలిసి ఇచ్చాను. చక్కగా గీశాడు. జనవరిలో సంతకం కోసం దాన్ని నేనే స్వయంగా పట్టుకెళ్ళాను.

మేడం పేజీలు తిప్పారు. రొయ్య బొమ్మ దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇలాంటి రొయ్య గిలకలదిండి రేవులో దొరకదండీ," అన్నారు.

"ఏమైందండీ?"

"మీసాలు చూడండి, పూలతీగల్లా మెలికలు తిరిగాయి. ఇది పెడన రొయ్య. ఈ ఏడాది నా దగ్గరకు ఇది నాలుగోది."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రికార్డు మూసి నా వైపు జరిపారు. నేను బతిమాలాను. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ప్రిన్సిపాల్ గారు నాకు బాగా తెలుసన్నాను. పేపరువాళ్ళతో పని పడకుండా ఏ కాలేజీ నడవదన్నట్టు కూడా ఏదో అన్నాను. ఆవిడ అటెండరును పిలిచి నాకు టీ చెప్పారు. నేను తాగాక, "అమ్మాయిని ఒక్కరోజు పంపండి. ఆవిడతో మాట్లాడతాను" అన్నారు.

సుధ మర్నాడే పొద్దుటి బస్సుకు గుడివాడ నుంచి వచ్చింది. ఆర్నెల్లలో బాగా చిక్కిపోయింది. ఆవిడ మమ్మల్ని లాబ్‌లోకి తీసుకెళ్ళారు. అందరు తండ్రులనూ టీకి పంపే మనిషి నన్ను పంపలేదు. నేనూ వెళ్ళలేదు. తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ట్రేలో ఒక పచ్చి రొయ్యను పెట్టారు.

"దీనికి ఉపాంగాలు ఎన్ని జతలండీ?"

"పంతొమ్మిది, మేడం," సుధ ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే చెప్పేసింది. మీసాల నుంచి తోక దాకా అవి ఏవేవో వరసగా అప్పజెప్పింది కూడా.

"ఒకటి తీసి చూపించండి."

సుధ ఫోర్సెప్స్ పట్టుకుంది. మొదటి కాలు సగానికి తెగింది. రెండోదీ తెగింది. వేల బిట్లు కంఠస్థం చేసిన పిల్ల రొయ్యను తాకడం అదే మొదలు. నా ముఖం చిన్నబోయింది. మేడం స్టూలు దగ్గరకు లాక్కుని, సుధ వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి ఎక్కడ పట్టుకోవాలో చూపించారు. మధ్యాహ్నానికి జతకొకటి చొప్పున పంతొమ్మిది ఉపాంగాలూ నల్లటి కాగితం మీద వరసగా నిలిచాయి. అప్పుడు అడిగారు.

"నిజం చెప్పండి. మీకేం చదవాలనుంది?"

సుధ కాసేపు ట్రే వైపు చూసింది. "డాక్టర్నే అవుతాను మేడం."

"అయితే ఇక్కడ పేరెందుకు? రెండు చోట్లా సగం సగం ఉంటే మీరు ఎక్కడా లేనట్టే. పేరు తీయించుకుని, టి.సి. పట్టుకుని వెళ్ళి నిశ్చింతగా చదువుకోండి."

నేను తెల్లబోయాను. కాలేజీలోనే ఉండమంటారనుకున్నాను. మా ఆవిడ ఆ సాయంత్రం అన్నం తినలేదు. చేతిలో ఉన్న ఏడాది వదులుకుంటున్నాం, రేపు సీటు రాకపోతే పిల్ల గతేమిటని ఆమె బాధ. సుధ మాత్రం "మేడం చెప్పారుగా" అని టి.సి. తీసుకుని వెళ్ళిపోయింది. మేలో పరీక్ష రాసింది. సీటు రాలేదు.

ఫలితాలు తెలిసిన రోజే కాలేజీకి వెళ్ళాను. వరండాలో తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. వాళ్ళందరి ముందే అన్నాను. "మీ మాట విని మా అమ్మాయి ఏడాది పోగొట్టుకుందండీ."

ఆవిడ లేచి నిలబడ్డారు. "అవునండీ. తప్పు నాదే. ఆ రోజు మిమ్మల్ని బయటికి పంపాల్సింది. పేపరాయన కదా అని మొహమాటపడ్డాను."

తన పొరపాటును నా మీదకు నెడుతున్నారని నాకు ఒళ్ళు మండింది. వెంటనే వచ్చేశాను. అప్పటి నుంచి ఎదురుపడితే తల తిప్పుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం ప్రతిసారీ ఆగి, "సుధ గారు బాగున్నారాండీ" అని అడిగేవారు. నేను తలూపి సైకిలు ఎక్కేవాణ్ణి. ఒక ఏడాది ఆ కాలేజీ సైన్స్ ఎగ్జిబిషన్ వార్తలో ఆవిడ పేరున్న వాక్యాన్ని నా చేత్తో కొట్టేశాను. చోటు చాలలేదని ఎవరైనా అనుకుంటారు. చోటు ఉంది.

సుధ ఆ జూన్‌లోనే అదే కాలేజీలో, అదే బి.జెడ్.సి.లో మళ్ళీ మొదటి ఏడాదిలో చేరింది. ఫారం తనే నింపుకుంది. మూడేళ్ళు మేడం దగ్గర చదివి, ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు అవనిగడ్డలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తోంది. నెలకోసారి బందరు వస్తే మేడం ఇంటికి వెళ్ళి వచ్చేది. ఎక్కడికని నేను అడిగేవాణ్ణి కాదు.

విద్యను వ్రతంగా భావించినవారని పోయినవాళ్ళ గురించి రాయడం మాకు పరిపాటి. రత్నకుమారి గారి గురించి ఆ మాట రాయాలంటే నాకు జంకు. ఆవిడ నిష్ఠ వ్రతం లాంటిది కాదు, పనిమంతుల పట్టుదల. నిర్మొహమాటమూ వాత్సల్యమూ ఒకే మనిషిలో ఇమిడి ఉండటం నేను ఆవిడలోనే చూశాను. నిండు వరండాలో తప్పు నాదే అని ఒప్పుకునే పెద్దమనిషి తరహా మరెక్కడా చూడలేదు. నేను ఇన్నేళ్ళలో ఎందరి తప్పులో అచ్చు వేశాను. నాది ఒక్కటీ ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం సుధ బస్సు దిగి సరాసరి మా ఆఫీసుకొచ్చింది. ఇద్దరం కలిసి బయల్దేరాం. దారిలో అడిగాను.

"ఆ రోజు లాబ్‌లో డాక్టర్నే అవుతానన్నావు కదమ్మా. నిజంగానే అన్నావా?"

సుధ నడక ఆపలేదు. "మీరు ఎదురుగా కూర్చుని ఉన్నారు కదా నాన్నా."

"నేను లేకపోతే ఏమనేదానివి?"

"ఏమో. హాస్టల్లో నాలుగింటికే గంట కొట్టేవాళ్ళు. ఒక్కరోజు ఆ గంట వినకుండా నిద్రపోతే చాలనిపించేది. అదే చెప్పేదాన్నేమో. దానికీ మేడం ఏదో ఒక దారి చూపించేవారు."

"ఆవిడకు ఈ సంగతి తెలుసా?"

"డిగ్రీలో చేరాక చెప్పాను. 'మీ నాన్నగారికి మీరే చెప్పండి, నేను చెప్తే బాగుండదు' అన్నారు. మీరిద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటే చెబుదామనుకున్నాను నాన్నా."

మేడం ఇల్లు మా ఆఫీసుకు మూడు వీధుల అవతల. ఎనిమిదేళ్ళలో ఆ మూడు వీధులూ నేను నడవలేదు. వెళ్ళేసరికి గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి. చాలామంది నన్ను గుర్తుపట్టి దారి ఇచ్చారు. కోడూరు నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడికి నేనెవరో తెలియదు. "మీరెవరండీ?" అని అడిగారు. పేపరు పేరు చెప్పడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. నోరు రాలేదు.

"మా అమ్మాయి మేడం గారి స్టూడెంటండీ," అన్నాను.

ఆయన పక్కకు జరిగి నన్ను లోపలికి రమ్మన్నారు. ఆవిడ పాదాల దగ్గర నిలబడి, తప్పు నాదేనండీ అని మనసులో అనుకున్నాను. పక్కనే ఉన్న సుధకు కూడా వినపడలేదు. ఆవిడ ఆ మాట పదిమంది ముందూ పైకి అన్నారు. నేను ఇన్నాళ్ళు ఆలస్యం చేసి, ఇలా కాగితం మీద అంటున్నాను. రత్నకుమారి గారికి నా నమస్కారం. ఈ మాట చదివి, "ఇది మీరే రాశారాండీ?" అని అడగడానికి ఆవిడ మా ఆఫీసుకు రారు.