ఆదివారం చూసిన ఇల్లు

ఎవరైనా ఇల్లు కొంటామని సలహా అడిగితే పిచిక ఇప్పటికీ ఒకే మాట చెబుతుంది: "బుధవారం వెళ్ళి చూడండి." ఎందుకని అడిగితే నవ్వుతుంది. ఆ నవ్వు వెనక ఒక పిండిమర ఉంది.

పిచిక అన్నది వాళ్ళమ్మ పిలిచిన పేరు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయిందట. పాతికేళ్ళు నిండినా మనిషి పెద్దగా పొడవు సాగలేదు, పేరూ మారలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. వారానికి ఒక్క ఆదివారమే సెలవు.

తల్లీకూతుళ్ళ బతుకంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఇళ్ళు మారేవి కాని ఇంటివాళ్ళ మాట మారేది కాదు: "గోడకు మేకు మాత్రం కొట్టొద్దు." అందుకని పిచిక తండ్రి ఫోటో ఎప్పుడూ బీరువా మీద, గోడకు చేరబడి ఉండేది. బీరువా తలుపు కాస్త గట్టిగా వేస్తే బోర్లా పడేది. "మీ నాన్న పడుకున్నారు, లేపవే" అనేది అమ్మ. ఆ అమ్మ ఒక చలికాలంలో పోయింది. పోయేముందు తన రెండు గాజులూ తీసి కూతురి చేతిలో పెట్టింది.

"వేసుకోడానికి కాదే. మేకు కొట్టుకోడానికి ఒక గోడ కొనుక్కో."

ఆ తర్వాత పిచిక పిన్ని దగ్గరికి చేరింది. పిన్ని ఒంటరి మనిషి, బట్టలు కుడుతుంది. ఉన్నది ఒక గది, వంటకి ఒక మూల. ఒకరోజు అన్నం తింటూ పిచిక తన ఆలోచన బయటపెట్టింది. గాజులమ్మిన డబ్బుకు తాను దాచుకున్నది కలిపి, మిగతాకు బ్యాంకు అప్పు తీసుకుని చిన్న వాటా ఒకటి కొంటుంది. అందులో తాము ఉండరు, అద్దెకిస్తారు. అద్దె వాయిదాకు పోతుంది. అప్పు తీరేనాటికి ఇల్లు మిగులుతుంది.

పిన్ని చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "తాను దూర సందు లేదు, మెడకో డోలట! మనమే ఒకళ్ళ పంచన ఉంటూ, ఇంకొకళ్ళకి అద్దెకిస్తావుటే?"

"ఇక్కడైతే నేను దుకాణానికి నడిచిపోతాను పిన్నీ. డబ్బుకి తగ్గ ఇల్లు ఊరి చివర్న గాని రాదు. వాళ్ళెవరో అక్కడుంటారు, మనం ఇక్కడుంటాం."

"ఇల్లు కట్టి చూడమన్నారు గాని, కొని చూడమనలేదు" అని గొణిగింది పిన్ని. కాని ఆ ఆదివారం చెప్పులేసుకుని ముందు బయల్దేరింది తనే.

బ్రోకరు చూపించినది మేడ మీద రెండు గదుల వాటా. కిటికీలోంచి ఎండ నేల మీద చాపలా పరుచుకుని ఉంది. వీధిలో మనిషి అలికిడి లేదు. కిటికీ గట్టు మీద సన్నటి తెల్లపొడి కనిపిస్తే పిచిక వేలితో తుడిచి చూసింది.

"కొత్తగా సున్నం వేయించారా?"

"శుభ్రమైన ఇల్లమ్మా" అన్నాడు బ్రోకరు, అవుననీ కాదనీ అనకుండా.

ఇంకో రెండు ఆదివారాలు కూడా వెళ్ళారు. కుళాయిలు తిప్పారు. తూముల్లో నీళ్ళు పోశారు. గోడలు తట్టారు. పిన్నయితే అటకెక్కి మరీ చూసింది. "చెవుల్లో దూది పెట్టుకున్నట్టుందే, ఎంత నెమ్మదో" అని మురిసిపోయింది. కింద ఒక షట్టరు దించి ఉంది. అది దేనిదని అడగాలని ఇద్దరికీ తోచలేదు.

రిజిస్ట్రేషను పనిరోజున జరిగింది. పిచిక సెలవు పెట్టి, సంతకాలయ్యాక తాళంచెవి పట్టుకుని నేరుగా ఇంటికి వెళ్ళింది. మెట్ల మీద కాలు పెట్టగానే మెట్లు వణికాయి. భూకంపం అనుకుని పరుగున కిందికి దిగింది. షట్టరు ఎత్తి ఉంది. లోపల పిండిమర గుర్రుమంటోంది, బెల్టు టపటపా కొట్టుకుంటోంది. కనుబొమల దాకా తెల్లబడ్డ మిల్లాయన ఆమెను చూసి కేకేశాడు.

"కొత్త ఓనరు మీరేనా? గోధుమలుంటే తెచ్చుకోండి!"

ఆ సాయంత్రం సంగతి విన్న పిన్ని కుట్టుమిషను చక్రం ఆపింది. "ఊరందరికీ కళ్ళజోళ్ళు బిగిస్తావు. చూపు సరే, చెవులు ఏ దుకాణంలో పెట్టొచ్చావే?" అంది.

"నువ్వూ వచ్చావుగా పిన్నీ."

"నేనూ వచ్చాను" అని పిన్ని ఒప్పుకుంది. ఇద్దరికీ నవ్వు రాబోయింది కాని రాలేదు.

అద్దెకు అడగవచ్చినవాళ్ళు మెట్ల దగ్గర్నుంచే వెనక్కి తిరిగేవారు. చంటిబిడ్డతో వచ్చిన ఒక జంటయితే పైకి ఎక్కనే లేదు. మొదటి వాయిదా పిచిక జీతంలోంచి కట్టింది. రెండోది పిన్ని కుట్టుకూలీ కలిపితే గాని నిండలేదు. మూడోదానికి దారి లేదు. నెలాఖరుకు ఎవరో ఒకరు చేరాలి, లేదా ఇల్లు అమ్ముకోవాలి. ఆ వాసన పట్టినట్టు బ్రోకరు కళ్ళజోళ్ళ దుకాణానికే వచ్చాడు.

"ఏమ్మా, చిన్నదానివి, ఎందుకీ తలనొప్పి? కాస్త తగ్గించుకుంటే నేనే తీసుకుంటాను. కాదంటావా, ఆదివారం చూపించు. అడ్వాన్సు పుచ్చుకో. చేరాక వాళ్ళే అలవాటు పడతారు."

"నాకు చూపించినట్టా?" అంది పిచిక.

"నువ్వడగలేదుగా!" అని ఆయన పళ్ళన్నీ బయటపెట్టాడు.

ఇంటికెళ్ళి చెబితే పిన్ని కళ్ళెత్తకుండా అంది: "ఒక్క ఆదివారమేగా."

పిచికకు ఆ మాట రాత్రంతా చెవిలో తిరిగింది. ఒక్క ఆదివారమే. గాజుల డబ్బు దక్కుతుంది. అమ్మ అడిగిన గోడ దక్కుతుంది. కాని ఆ గోడల మధ్య ఏ తల్లో పిల్లను జోకొడుతూ తనను తిట్టుకుంటే, ఆ గోడ తనదెట్లా అవుతుంది? పొద్దున్నే లేచి ఒక అట్టముక్క మీద 'మేడ మీద ఇల్లు అద్దెకు. పనిరోజుల్లో మాత్రమే చూపబడును' అని రాసి, మిల్లాయన్ని అడిగి పిండిమర గోడకే తగిలించింది.

"ధర్మరాజు చెల్లెలు బయల్దేరింది!" అని పిన్ని విసుక్కుంది. విసుక్కుంటూనే, అక్షరాలు వంకరపోయాయని ఇంకో అట్ట మీద తనే దిద్ది రాసింది.

నెలాఖరు దగ్గరపడ్డాక గోధుమలు పట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఆ అట్ట చదివింది. మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆయన సన్నగా పొడుగ్గా ఉన్నాడు. చేతి మీద ఇత్తడి గుండీల ఎర్రకోటు, చంకలో పొడుగాటి పెట్టె. పిండిమర మంచి ఊపులో ఉంది. గదిలో కిటికీ రెక్కలు కూడా గజగజలాడుతున్నాయి.

"ఇలాగే ఉంటుందండీ!" అని పిచిక గొంతు చించుకుని అరిచింది. "సాయంత్రం దాకా! ఆదివారం ఒక్కటే మూస్తారు!"

"ఆదివారాలు ఈయన బ్యాండుతో పెళ్ళిళ్ళకి పోతారులెండి!" అని ఆవిడా అరిచింది.

ఆయన పెట్టె తెరిచి, క్లారినెట్ ముక్కలు ఒక్కొక్కటే బిగించి, కిటికీ దగ్గర నిలబడి ఊదాడు. బుగ్గలు పొంగుతున్నాయి, వేళ్ళు పరుగెత్తుతున్నాయి. పక్కనే ఉన్న పిచికకు సన్నటి దారప్పోగులాంటి పాట వినిపించింది. కింద మిల్లాయన తలైనా ఎత్తలేదు. వీధిలో ఏ కిటికీ తెరుచుకోలేదు. ఆయన ఊదడం ఆపి, ఎవరూ తిట్టకపోవడం నమ్మలేనట్టు అటూ ఇటూ చూశాడు.

"సాధన చేయకపోతే తిండి లేదు, చేస్తే ఇల్లు లేదమ్మా" అంది ఆవిడ, పిచిక చెవి దగ్గరికొచ్చి. "మొన్నటి ఇంటాయన కిటికీలోంచి బకెట్టు నీళ్ళు గుమ్మరించాడు!"

"మరి పగలంతా ఈ మోత మీకు..."

"ఈయన్ని కట్టుకున్నదాన్ని, నాకు మోతేమిటి! కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? అద్దె ఎంతో చెప్పు."

పిచిక చెప్పింది. ఆవిడ బేరమాడకుండానే కొంగుముడి విప్పింది. గాజులు అమ్మినప్పటి నుంచి గుండెల మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. పిచిక నేల మీదే చతికిలబడి, చాలా రోజులకు నిండుగా ఊపిరి పీల్చుకుంది. నేల కింద పిండిమర అదురుతోంది. ఆ అదురు కూడా ఇప్పుడు బాగానే ఉంది.

అంతలో బ్యాండాయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటమ్మా. ఈ కోటు మడతపెడితే పాడవుతుంది. తలుపు వెనకాల ఒక్క..." చేత్తో మేకు కొడుతున్నట్టు చూపించాడు.

భార్య మోచేత్తో పొడిచింది. "ఊరుకోండి! ఇల్లిచ్చిందే పదివేలు."

పిచిక "కొట్టుకోండి" అంది. మర మోతలో ఆయనకు వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"కొట్టుకోండి! ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి!"

ఆ కేకకు కింద మిల్లాయన మర ఆపి, బయటికొచ్చి పైకి చూశాడు. "ఏమైందమ్మా?"

పిచిక అప్పటికే మెట్లు దిగుతోంది.

"ఏం లేదు బాబాయ్, సుత్తి ఉందా? మా ఇంట్లో మేకు కొట్టాలి."