గురవయ్య తోటలో గాలి చూసిన రోజు

"దేవుడి కాడ కూడా పిసినారితనమేనా పెద్దమ్మా? కొత్త సోటుకొచ్చినాం. ఇక్కడి మునీశ్వరుడికి సెప్పకుండా అడివిలో కాలెడతామేటి?"

"సెప్పొద్దన్నానేట్రా? ఈ సాయంత్రమే సెప్పుకో. రేపు పొద్దున్న వేటబట్టలేసుకుని సాంబ్రాణి పొగలో నిలబడొద్దంటన్నాను."

"మా నాయన కాలం నుంచీ వేటకెళ్లే ముందరే పొగేసుకున్నాం. బట్టలకీ, తుపాకీకీ, కుక్కలకీ."

"మీ నాయన కాలంలో పందులు ఎస్టేటు ఇళ్ల ఎనకాలే తిరిగేవి. సాంబ్రాణి వాసన పుట్టినకాణ్నించీ ఎరుగుదురు. ఈ కొండ పందులు గుడికెళ్లవురా."

"గడిచిన మూడుసార్లూ ఉత్తి సేతుల్తో ఎందుకొచ్చినాం? పూజ సరిగ్గా సెయ్యక."

"గడిచిన మూడుసార్లూ నువ్వు ఊదొత్తిలాగ గుప్పుమంటా నిలబడ్డావు. అందుకూ."

కుక్కల్ని పట్టుకుని నిలబడ్డ మణి నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. నూకరాజు మాత్రం నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇది మలేసియాలో, రెండేళ్ల కిందటి డిసెంబరు ఆఖరి వారం మాట. పెరాక్‌లో గెరిక్ ఊరు దాటాక కొండ కింద ఉన్న గురవయ్య తోట ముంగిట్లో నూకరాజుకీ నాకూ ఈ తగవు జరిగింది. నూకరాజు మా ఆయన తమ్ముడి కొడుకు. తుపాకీ లైసెన్సు, పందులు కొట్టడానికి ఇచ్చే పర్మిట్, రెండూ అతని పేరనే ఉన్నాయి. ఆ పర్మిట్ నెలాఖరుతో తీరిపోతుంది. మళ్లీ రాయించుకుని చేతికి తెచ్చుకోవాలంటే నెలలు పడుతుంది. పైగా ఆ వారమంతా వాన. మర్నాడు ఒక్క పొద్దుట మాత్రం తెరిపి ఇస్తుందన్నారు. అంటే మా చేతిలో ఉన్నది ఒకే ఒక్క వేట.

గురవయ్యకి అది చాలా పెద్ద సంగతి. ఇపోలో ఫ్యాక్టరీ పని మానేసి, భార్య లక్ష్మితో వచ్చి, ఆరెకరాలు కౌలుకు తీసుకుని పామాయిల్ మొక్కలు నాటాడు. రెండుసార్లు నాటితే రెండుసార్లూ పందులు మొవ్వు తవ్వి తినేశాయి. కొత్త ఏడాది మొదటి వారంలో వచ్చి చూస్తానని భూమి గలాయన చెప్పి వెళ్లాడు. ఆనాటికి చేలో మొక్క నిలబడి లేకపోతే భూమి వెనక్కి ఇచ్చేయాలి. పందుల్ని అక్కడి నుంచి కదిలించకుండా మూడోసారి నాటితే, ఆ మొక్కలు ఒక్క రాత్రి కూడా ఉండవు.

నేను తుపాకీ పట్టను. నా పని వేటకి ముందరిది. మా వాళ్లు దాన్ని నేల చూడటం అంటారు. జంతువు ఎక్కడ పడుకుంటోంది, ఎటు తింటోంది, బెదిరిస్తే ఎటు పరిగెడుతుంది, గాలి ఎటు వీస్తోంది, ఇవన్నీ చూసి తుపాకులు ఎక్కడ కూర్చోవాలో చెప్పాలి. తుపాకీ మనిషి కదలకుండా కూర్చునే చోటుని స్టాండ్ అంటాం. కుక్కలతో, కేకలతో జంతువుని స్టాండ్ వైపు తోలుకురావడాన్ని బీట్ అంటాం. జంతువు పడితే ఒక తొడ నాకిస్తారు. పడకపోతే ఏమీ లేదు.

ఈ పని నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఎస్టేటు తెలుగు బడిలో నాలుగో తరగతితో చదువు ఆగింది. తర్వాత సుంగై సిపుట్ దగ్గర ముప్పై రెండేళ్లు రబ్బరు చెట్లు గీశాను. పొద్దు పొడవకముందే నుదుట దీపం కట్టుకుని వరసల్లో నడిచేదాన్ని. మనిషికంటే ముందు పంది అడుగే కనిపించేది. మా ఆయన వేట గుంపులో ఉండేవాడు, కుక్కల్ని సాకేవాడు. ఆయన పోయాక కుక్కలు నాకు మిగిలాయి, కుక్కల కోసం వచ్చిన వాళ్లకి నా మాట కూడా పనికొచ్చింది.

ఆ వేటకి మా ఇంట్లో వారం ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాను. తెలిసిన చోటైతే రెండు రోజులు చాలు. తెలియని చోటికి వెళ్లేటప్పుడు మరిచిపోయిన వస్తువు అక్కడ దొరకదు. తుపాకుల వాళ్లిద్దరు, తోలేవాళ్లు ముగ్గురు, నేను, మా ఆరుగురి బట్టలూ సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో ఉతికించి, రెండు రోజులు బయట ఆరేసి, గోనెసంచిలో కట్టాను. మేజోళ్లు ఉప్పునీళ్లలో నానబెట్టి ఎండబెట్టాను. జలగలకి అంతకంటే మందు లేదు, దుకాణంలో కొనే సీసా అక్కర్లేదు. పాత మోటారు సైకిల్ టైరు కోసి కుక్కల మెడలకి వెడల్పాటి పట్టీలు కుట్టాను. పంది కోర ముందు మెడకే తగులుతుంది. గాయమైతే కుట్టడానికి సూది, దారం, పసుపు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఈల. అడవిలో మనిషి కేక కంటే ఈల ఎక్కువ దూరం వినిపిస్తుంది.

మణి కొత్త బూట్లు కొంటానన్నాడు. మణి నూకరాజు స్నేహితుడు, తమిళుల అబ్బాయి, మాతో తెలుగే మాట్లాడతాడు, నన్ను మాత్రం తమిళంలో పాటీ, అంటే అవ్వా, అంటాడు, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర లా తగిలిస్తాడు. రెండో తుపాకీ అతనిదే.

"కొత్త బూటు కరుస్తాది. పాతవే తొడుక్కో" అన్నాను.

"అవి చిరిగిపోయినాయి పాటీ."

"తీసుకురా, కుట్టిస్తాను. ఆ తలకి ఏటి రాసుకున్నావ్? పెళ్లిసూపులకా ఎళ్తన్నావ్?"

"కొంచెమే రాసుకున్నాను లా."

"పంది ముక్కుకి కొంచెమూ నేదు, ఎక్కువా నేదు. కడుక్కురా."

వేటకి ముందు రోజు మధ్యాహ్నానికి గురవయ్య తోట చేరాం. వాళ్లు భోజనాలు చేస్తుంటే నేను పరాంగ్ కత్తి పట్టుకుని, మణిని వెంట తీసుకుని నేల చూడటానికి వెళ్లాను. తోటకీ కొండకీ మధ్య వెదురు పొద ఒకటి పట్టీలా సాగి ఉంది. పందులు పగలు అందులోనే పడుకుంటున్నాయి. మొదళ్లకి బురద రుద్దిన మచ్చలు ఇంకా తడిగా ఉన్నాయి. పెంటలో పామాయిల్ మొవ్వు పీచు కనిపించింది. ఎన్నని లెక్కపెట్టడం కష్టం, గుంపు పెద్దదే. అందులో ఒక మగ పంది అడుగు నా అరచేయంత ఉంది.

దారిలో ఒకచోట రూసా అడుగు కనబడింది. రూసా అంటే ఇక్కడి పెద్ద దుప్పి. మణి కళ్లు మెరిశాయి.

"పాటీ, ఇది కూడా..."

"దానికి పర్మిట్ నేదు. సూడనట్టు దాటు."

దాటాడు.

ఆ పొదలోంచి బయటపడటానికి పందులకి రెండు దారులున్నాయి. ఒకటి పైకి, కొండ మెడ మీదుగా. రెండోది కిందికి, వాగు పక్కన. పైదారి బాగా తొక్కి ఉంది. నా సంచిలోంచి చిటికెడు బియ్యప్పిండి తీసి వదిలాను. అది తోట వైపు నుంచి కొండ వైపుకి మెల్లగా కొట్టుకుపోయింది. రెండుసార్లు వదిలాను, రెండుసార్లూ అటే. ఇంకేం కావాలి? కింద తోట నుంచి బీట్ మొదలుపెట్టాలి, పైన కొండ మెడ దగ్గర స్టాండ్లు పెట్టాలి. తుపాకుల వాసన కొండ మీదుగా పోతుంది, పందులు తెలియకుండా వాళ్ల మీదికే వస్తాయి. తిరిగొచ్చి నూకరాజుకి అదే చెప్పాను. ఆ మాట మీద అతను పొద్దున్నే పూజ చేసి, పొగేసుకుని, పైకెళ్దామన్నాడు. అక్కడ మొదలైంది మొదట్లో రాసిన తగవు.

చివరికి గురవయ్యే కల్పించుకున్నాడు. "పెద్దమ్మా, రాజూ, నా భూమి కోసం ఒచ్చి మీరిద్దరూ ఇలాగ కొట్టుకుంటే నానేటి సెయ్యాల?" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం తగ్గాం. పూజ ఆ సాయంత్రమే, కట్టుకున్న బట్టలతోనే చెయ్యాలి. వేటబట్టలు గోనెసంచిలోంచి తియ్యకూడదు. పూజకి లోటు రాకూడదని నూకరాజు, పొగ సంచికి దూరంగా వెయ్యాలని నేను, చెరో షరతు పెట్టుకున్నాం.

అయిదున్నరకి తోట గట్టున ఒక రాయికి పసుపు రాసి, బెల్లం, కొబ్బరికాయ, చుట్ట పెట్టి నూకరాజు దండం పెట్టాడు. నేనూ పెట్టాను. నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే పొగ తెల్లగా లేచి కొండ వైపుకి సాగిపోయింది.

"సూసినావా? నాను సెప్పిన గాలి అదే" అన్నాను నూకరాజుతో.

నా పక్కన హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ లక్ష్మి నెమ్మదిగా అంది. "ఇప్పుడు కొండకే ఎళ్తాది పెద్దమ్మా. పొద్దున్నయితే ఇల్లంతా పొగే."

"ఏ పొద్దున్న?"

"సీకటుండగా నాను నీళ్లపొయ్యి ఎలిగిస్తాను కదా. కొండ కాణ్నించి గాలొచ్చి పొగంతా లోపలికి కొట్టేస్తాది. పొయ్యి ఇంకోపక్కకి మార్సమని ఈయన్ని ఏడాది బట్టీ అడుగుతన్నాను."

గురవయ్య నేల చూపులు చూశాడు.

"మళ్లీ ఎప్పుడు తిరుగుతాది?" అన్నాను.

"ఎండ కొండకి బాగా తగిలినాక. ఎనిమిది, ఎనిమిదిన్నర."

"మజ్జాన్నమే ఎందుకు సెప్పలేదే?"

"నువ్వడిగితే కదా. ఒచ్చినకాణ్నించీ నువ్వే అందరికీ సెప్తన్నావు."

నేను నడిచింది చదును ఎస్టేట్లలో. అక్కడ చెట్ల కింద గాలి పొద్దున్నా సాయంత్రమూ పెద్దగా మారదు, ఉన్నా లేనట్టే ఉంటుంది. కొండ పక్కన అలా కాదు. రాత్రి చల్లబడిన గాలి కిందికి జారుతుంది, ఎండ తగిలాక పైకెక్కుతుంది. మేము వేటాడేది తెల్లవారు జామున, నేను గాలి చూసింది మూడు గంటలకి. నేను చెప్పిన చోట స్టాండ్లు పెట్టుంటే మా మనుషుల వాసన తిన్నగా పందుల ముక్కుల మీద పడేది. ఒక్క మొరుగు వినబడకముందే గుంపంతా తోట అంచున పడి, పక్కకి చెదిరిపోయి, ఆ రాత్రికి మళ్లీ వెనక్కి వచ్చేది. సాంబ్రాణి వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే.

నూకరాజుని పక్కకి పిలిచి చెప్పాను. దాచుకోవడానికి ఏముంది?

"ఏటి పెద్దమ్మా, నేల నీకు అబద్ధం సెప్పిందా?" అన్నాడు. ఇప్పుడు నవ్వాడు.

"నేల నిజమే సెప్పింది. నానే ఒక్క పూటే అడిగినాను. ఇనుకో. స్టాండ్లు కింద, వాగు కాడ. బీట్ పైనుంచి. కుక్కల్ని తీసుకుని నలుగురు సీకట్లోనే పక్కదారిన కొండెక్కాల."

"ఆ దారి ఎవులికి తెల్సు?"

"నాకు తెల్సు. నాను తీసుకెళ్తాను" అన్నాడు గురవయ్య.

వెలుగుండగానే నూకరాజు, మణి, నేను వాగు దగ్గరికి వెళ్లి రెండు స్టాండ్లు చూసుకున్నాం. తోలేవాళ్లు పైనుంచి వస్తారు గనక ఒక నియమం పెట్టాను. పంది వాగు దాటి అవతలి గడ్డి నేల మీద పడ్డాకే కాల్చాలి, వాగుకి ఇవతల, కొండ వైపున, ఏం కదిలినా తుపాకీ ఎత్తకూడదు. పాత తెల్లచీర చింపి గడ్డికి రెండు వైపులా చెట్లకి కట్టాను. ఆ రెండు గుడ్డల మధ్యే కాల్పు. నూకరాజు చేత, మణి చేత విడివిడిగా ఆ మాట తిరిగి చెప్పించుకున్నాను.

ఆ వేట తర్వాత ఎక్కడికెళ్లినా నేలని రెండు పూటలా చూస్తున్నాను, వేటాడే పూట తప్పకుండా. అంతకంటే ముందు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషిని అడుగుతున్నాను. గాలి ఎటు తిరుగుతుందో, రాత్రి కుక్క ఎటు చూసి మొరుగుతుందో, కోళ్లు ఏ మూల బెదురుతాయో ఆమెకి తెలిసినంత నాకు ఒక్క మధ్యాహ్నంలో తెలియదు. ఇన్నేళ్ల పనితనం మీద నాకు నమ్మకం తగ్గలేదు. అడగడం కూడా ఆ పనిలో భాగమేనని తెలిసింది, అంతే.

మర్నాడు అయిదింటికి లక్ష్మి పొయ్యి వెలిగించింది. పొగ ఇంట్లోకి వచ్చింది. ముంగిట్లో పిండి వదిలాను, కొండ వైపు నుంచి వాగు వైపుకి పోయింది. గురవయ్య, ముగ్గురు తోలేవాళ్లు, అయిదు కుక్కలు అప్పటికే కొండెక్కుతున్నారు. నూకరాజు, మణి వాగు దగ్గర కూర్చున్నారు. ఆరుముప్పావుకి పైన ఈల వినబడింది, వెంటనే కుక్కలు మొరిగాయి. ఏడు దాటాక మొదటి తుపాకీ మోగింది, తర్వాత వెంటవెంటనే రెండు. పెద్ద మగ పంది, ఒక ఆడ పంది గడ్డిలో పడ్డాయి. మిగతా గుంపు ఆగకుండా అవతలి అడవిలోకి పోయింది. మనుషులకి గానీ కుక్కలకి గానీ దెబ్బ తగల్లేదు. నూకరాజు వచ్చి కాఫీ అడిగాడు, లక్ష్మి ఇచ్చింది. గురవయ్య కొండ దిగి పందుల దగ్గర ఆగలేదు, గునపం తీసుకుని చేలోకి వెళ్లాడు. తొమ్మిదింటికి మొదటి వరసలో నాలుగు గుంటలు తవ్వాడు. లక్ష్మి మొదటి మొక్క దించింది.