గట్టెక్కి ఏం చెప్పినారు

మొన్న నెల్లూరులో కళ్ళద్దాలు మార్పించుకుని బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాను. పక్కన స్పీకర్లు అమ్మే కొట్టు. కొత్త పెట్టె ఎంత మోతకు తట్టుకుంటుందో చూద్దామనుకున్నారో ఏమో, ఒక ఇంగ్లీషు పాట పెట్టారు. పాట అనడం నా మర్యాద. రంపం, రోలు, రైలింజను ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టుంది. ఎదురుగా పూలమ్మే ఆమె చెవుల మీద చేతులు పెట్టుకుంది. ఆటో ఆయన నా వైపు జాలిగా చూసి, "ఎక్కండి మేడం, ముందు ఈడ్నించి పోదాం" అన్నాడు. నేను కదల్లేదు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ను, అరవై ఏళ్ళు దాటినదాన్ని, ఆ మోత ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఎందుకో ఆయనకు చెప్పాలంటే చాలా దూరం వెనక్కి పోవాలి.

మా నాన్న వాకాడు వైపు ఒక ఊళ్ళో సైన్సు మాస్టారు. ఆయన అక్క, అంటే మా మేనత్త, మాకు రెండు మైళ్ళ దూరంలో సముద్రం ఒడ్డున ఉండేది. చేపలు పట్టే కుటుంబంలోని మనిషిని ఇష్టపడి చేసుకుంది. పెళ్ళయిన రెండో ఏడే ఆ మామ సముద్రంలో పోయాడు. నలుగురు వేటకు వెళితే ముగ్గురు తిరిగొచ్చారు. కాలు జారి పడ్డాడని ముగ్గురూ ఒకే మాట చెప్పారు. శవం దొరకలేదు. ఈత వచ్చినవాడు కాలు జారితే మాత్రం ఎట్లా పోతాడని ఊరు ఆలోచించి, తనకు తోచిన జవాబు తనే చెప్పుకుంది: తాగి ఉంటాడు. ఏడాది తిరిగేసరికి 'ఉంటాడు' కాస్తా ఊడిపోయి, తాగి పడ్డాడనే స్థిరపడింది. అత్త పుట్టింటికి రాలేదు. అత్తగారితోనే ఉండిపోయింది. ఆ అత్తగారిని మేం అవ్వ అనేవాళ్ళం. అవ్వకు చెవుడు. అవ్వ గంగమ్మకు మొక్కుకునేది, అత్త చర్చికి పోయేది, ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకునేవారు. చర్చివాళ్ళు అత్తను బైబిలు స్త్రీగా పెట్టుకున్నారు. సంచీలో పుస్తకం వేసుకుని పల్లెపల్లెకూ నడిచి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి కథలు చెప్పడం ఆమె పని. వలలు బాగుచేసుకుంటూ, చేపలు ఎండబెట్టుకుంటూ వాళ్ళు వినేవారు. ఏ పల్లెకు పోయినా అందరూ అడిగేది ఒకటే కథ, యోనాది. పడవ, తుఫాను, చేప ఉన్న కథ మరి.

మా అన్న మద్రాసులో పాలిటెక్నిక్ చదివాడు. చదువుతోపాటు భుజాల దాకా జుట్టు, ఎర్రటి కరెంటు గిటారు తెచ్చుకున్నాడు. పాత రేడియోల సామాన్లతో యాంప్లిఫయరు తనే చేసుకున్నాడు. దాన్ని ఆన్ చేస్తే ఇంట్లో బల్బు డిమ్మయ్యేది. మా నాన్న మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు ఇదేమి సంగీతమని అడిగాడు. హెవీ మెటల్ అన్నాడు అన్న. "హెవీ మెటల్ అంటే సీసం, పాదరసం. ఆటితో పాటేందిరా" అని నాన్న నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మరుసటి వారానికి గిటారు అత్త ఇంటికి చేరింది. అక్కడ అలల హోరు ఎట్లాగూ ఉంది, అవ్వకెట్లాగూ వినబడదు. అన్న స్నేహితులు ఇద్దరు అల్లూరు నుంచి బస్సులో డ్రమ్ములు వేసుకుని వచ్చేవారు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. సెలవుల్లో అక్కడే ఉండేదాన్ని. టీ అందించడం, వైరు ఊడితే పట్టుకోవడం నా ఉద్యోగం.

మొదటిసారి విన్నప్పుడు అత్త గడపలో నిలబడి చివరిదాకా విన్నది. తిడుతుందేమోనని అన్న తల వంచుకున్నాడు. "గాలివాన వచ్చే ముందర సముద్రం లోపల్నించి ఇట్టాంటి మూలుగే వస్తది" అని, మళ్ళీ చేపల కూర దగ్గరికి పోయింది. ఆ మాటతోనే అన్నకు యోనా మీద పాట కట్టాలని పుట్టింది. క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు యువకులు ఒక ప్రత్యేక పాట పాడాలని చర్చిలో అడిగారు కూడా. అన్న అత్తను కూర్చోబెట్టి కథ చెప్పమన్నాడు. నేను వంద సార్లు విన్న కథే. ఒక ఊరికి పొమ్మని దేవుడు చెబితే, యోనా ఇంకో ఊరి ఓడ ఎక్కి పారిపోతాడు. తుఫాను పట్టుకుంటుంది. ఎవరి వల్ల ఈ కీడని ఓడవాళ్ళు చీట్లు వేస్తే అతని పేరొస్తుంది. నన్ను సముద్రంలో పడేయండి, తగ్గుతుంది అంటాడు. వాళ్ళకు మనసొప్పదు. ఒడ్డుకు చేరాలని తెడ్లు వేస్తారు, వేస్తారు, చేతకాదు. చివరికి పడేస్తారు. సముద్రం ఊరుకుంటుంది. పెద్ద చేప మింగి, మూడు రోజులకు ఒడ్డున కక్కుతుంది.

అన్న చేప దగ్గర తెగ ఉత్సాహపడ్డాడు. చేప కడుపులో చీకటికి ఏ మోత పెట్టాలి, కక్కేటప్పుడు డ్రమ్ము ఎట్లా ఉండాలి అని లెక్కలు వేసుకుంటున్నాడు. అత్త చేతిలో చేట ఆపి, "చేప సంగతి అట్టుండనీరా" అంది. "ఆ ఓడవాళ్ళు ఏమైనారు? మనిషిని నీళ్ళలో ఏసి ఇంటికి పోయినారు గదా. గట్టెక్కి ఏం చెప్పినారు? ఆయనకు పెళ్ళామో తల్లో ఉండి అడిగితే ఏం చెప్పినారు? పుస్తకంలో వెతికినా. లేదు." తర్వాత బియ్యం చెరుగుతూ ఉండిపోయింది. అన్న గిటారు గోడకానించి కాగితం తీసుకున్నాడు. ఆ సాయంత్రం రాసిన పాటలో చేప నాలుగు వరసలకు కుంచించుకుపోయింది. మిగతా అంతా ఓడవాళ్ళను నిలదీయడమే. పల్లవి అత్త మాటే, ఆమె యాసలోనే: గట్టెక్కి ఏం చెప్పినారు?

చర్చి అయ్యగారు మెత్తటి మనిషి. పాట కాగితం మీద చదివి కళ్ళు తుడుచుకుని, చాలా లోతుగా ఉంది, తప్పకుండా పాడండి అన్నారు. రాగం ఏమిటని ఆయన అడగలేదు, అన్న చెప్పలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. కాగితం పట్టుకుపోయింది నేనే.

సెమీ క్రిస్మస్ నాడు పొద్దు గుంకుతుండగా చర్చి ముందు ఇసుకలో పందిరి వేశారు. రెండు తాటిచెట్లకు మైకు గొట్టాలు కట్టి, పడవల వైపు తిప్పారు. చర్చికి రానివాళ్ళు కూడా వినాలని అయ్యగారి కోరిక. చిన్నపిల్లల నాటిక అయింది, కేకు కోశారు, తర్వాత మావాళ్ళు ఎక్కారు. మొదటి మోతకు కుక్కలు ఒక్కటిగా లేచి సముద్రం వైపు పరుగెత్తాయి. రంగుకాగితాల నక్షత్రం తెగి సంఘపెద్ద ఒళ్ళో పడింది. ఆయన లేచి స్విచ్చు వెతుక్కుంటూ వైర్ల మధ్య తిరుగుతున్నాడు గానీ, అన్న పెట్టిన వైర్లు అన్నకు తప్ప ఎవరికీ అర్థం కావు. అయ్యగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. భక్తిలో లీనమయ్యారని అనుకున్నాం. ఆగిపోవాలని ప్రార్థన చేసుకున్నానని తర్వాత ఆయనే చెప్పారు. పల్లవి వచ్చింది. అన్న గొంతు చీల్చుకుని ఆ మూడు మాటలూ మళ్ళీ మళ్ళీ అరుస్తున్నాడు. అత్త ముందు వరసలో తెల్ల చీర కొంగు ఒళ్ళో పెట్టుకుని, చెవులు మూసుకోకుండా, రెప్ప వేయకుండా కూర్చుంది. ఆమె పక్కన అవ్వ నవ్వుతోంది. ఇంటికి పోతూ అవ్వ అందరితో చెప్పింది, ఇన్నేళ్ళలో నాకు వినబడిన పాట ఇదొక్కటే అని.

తెల్లవారి అత్త వాకిలి ఊడుస్తుంటే ఒక పెద్దాయన వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. మామతో ఆ రోజు వేటకు పోయిన ముగ్గురిలో పెద్దవాడు. మామ ఆయన్ని అన్నా అని పిలిచేవాడట, అందుకని అత్తకు ఆయన బావ. మామ పోయిన నెల వచ్చిందంటే ఎవరో ఒకరి చేత మంచి చేప పంపేవాడు. తను మాత్రం పద్దెనిమిదేళ్ళలో ఆ వాకిట్లో అడుగు పెట్టలేదు. అత్త చీపురు పక్కన పెట్టి, "రా బావా, కూచో" అంది. నేను టీ పెట్టడానికి లోపలికి పోయాను గానీ తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ఆ పాట మా గురించేనా అమ్మా?" అన్నాడు ఆయన.

"యోనా గురించి బావా."

"మేమూ తెడ్లు ఏసినాం" అన్నాడు. అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కాలు జారలేదు. తాగలేదు. గాలి లేచి తిరిగొస్తుంటే వల పోయి నీళ్ళలో తిరిగే ఇంజను పంకాకు చుట్టుకుంది. ఇంజను ఆగింది. అలకు అడ్డం తిరిగితే పడవ బోల్తానే. మామ నడుముకు తాడు కట్టుకుని, కత్తి నోట కరుచుకుని దిగాడు. వల కోశాడు. ఇంజను అందుకుంది. అదే క్షణంలో పెద్ద అల వచ్చి పడవను విసిరితే, తాడు ఒక్కటే చేతికొచ్చింది. ఇంజను మళ్ళీ ఆగింది. తెడ్లేసుకుంటూ వెతికారు. పడవలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక వచ్చేశారు.

"మరి కాలు జారినాడని ఎందుకు చెప్పినారు?" అత్త గొంతులో కోపం లేదు. పుస్తకంలో వెతికినా దొరకని మాటను అడుగుతున్నట్టే అడిగింది.

"మీకోసం వాడు దిగినాడే, వాడికోసం మీరు ఒక్కరన్నా దిగినారా అని ఎవురన్నా అడుగుతారని" అన్నాడు ఆయన. "నేను దిగలేదమ్మా. భయమేసింది. తాగినాడని ఊరు అంటా ఉంటే విన్నా. అప్పుడన్నా నోరు తెరవాల్సింది."

అత్త ఏడుస్తుందనుకున్నాను, ఆయన్ని పొమ్మంటుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి వచ్చి, నన్ను దాటి, మంచం మీదున్న అవ్వను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి ఆయన ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఈమెకు చెప్పు. కొడుకు తాగి చచ్చినాడనుకుంటా ఉండాది."

ఆయన వంగి, మెల్లిగా మొదలుపెట్టాడు. అవ్వ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏందయ్యా?" అంది. ఇంకాస్త పెంచాడు. "ఏం కూర?" అంది అవ్వ. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. అత్త అంది, "గట్టిగా చెప్పు బావా. గట్టిగా చెప్తేగాని వినబడదు."

అప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. సముద్రం మీద ఒక పడవ నుంచి ఇంకో పడవకు కేకేసే గొంతు ఆయనది. "పెద్దమ్మా, నీ కొడుకు తాగి పడలా. మమ్మల్ని బతికించేదానికి దిగినాడు. నేను అబద్ధం చెప్పినా." వీధిలో నీళ్ళబిందెలు ఆగాయి. వలల దగ్గరున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అవ్వకు ఇంకా సందేహంగా ఉంటే మరోసారి చెప్పాడు, ఇంకా పెద్దగా. మూడోసారికి ఊరంతా కంచె బయట ఉంది. అవ్వ చెవి దగ్గరి చెయ్యి తీసి, తడుముకుని ఆయన చొక్కా పట్టుకుంది. కొడుతుందని అనుకున్నాను. "టీ తాగినావా నాయనా?" అని అడిగింది. నేను అప్పుడు పరుగెత్తి పొయ్యి వెలిగించాను.

చర్చిలో ఆ పాట మళ్ళీ పాడనివ్వలేదు. అన్న దాన్ని టేపులో ఒకసారి రికార్డు చేశాడు గానీ ఉప్పుగాలికి ఆ క్యాసెట్టు రెండేళ్ళు కూడా బతకలేదు. గిటారు ఏ భాగానికి ఆ భాగం ఇంకేవో సామాన్లలోకి పోయింది. అన్న ఇప్పుడు అల్లూరులో రొయ్యల గుంటల మోటార్లు బాగుచేస్తాడు. ఎడమ చెవి సరిగా వినబడదు, అది ఆ రోజుల ఆస్తి అంటాడు. అవ్వ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. ఎవరు వచ్చినా, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, కొడుకు ఎట్లా దిగాడో చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అల ఇంకో మూరెడు ఎత్తు లేచేది. ఆ పెద్దాయన మాత్రం ఏటా చేప తనే తెచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగి పోయేవాడు. అత్త పల్లెలు తిరుగుతూనే ఉండింది. యోనా కథ చెప్పేటప్పుడు మాత్రం కొత్త అలవాటు పడింది. చేప కక్కిన తర్వాత పుస్తకం మూసేసి, ఆ ఓడవాళ్ళకు కూడా ఇళ్ళుంటాయి, వాళ్ళూ ఎంత భయపడి ఉంటారో, అనేది.

కాలం అన్నిటినీ మాన్పుతుందని పెద్దవాళ్ళు అంటారు, నేనూ నా విద్యార్థులకు చాలాసార్లు చెప్పాను. మా అత్త వాకిట్లో మాత్రం అది పద్దెనిమిదేళ్ళు కదలకుండా కూర్చుంది. ఒక మనిషి వచ్చి నిజం గట్టిగా చెప్పాకే లేచి, అందరి ఇళ్ళలో లాగే నడవడం మొదలుపెట్టింది.