గోడ మీద ఆరు సున్నాలు

నాకు అక్షరాలు పెద్దగా రావు, అంకెలు వస్తాయి. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యమధ్యలో "అమ్మా, జెర మెల్లగ చెప్పు" అంటోంది. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. ఆ పొద్దు గుర్తొస్తే ఒక చోట కూర్చోలేను. ఇప్పుడు కూడా దుకాణంలో అటూ ఇటూ తిరుగుతూనే చెబుతున్నాను.

కార్ఖానా అనే బస్తీలో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా మాది టైర్ల దుకాణం. మా ఆయన పెట్టింది. ఆయన కామెర్లతో పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి పంచర్లు నేనే వేస్తున్నాను, లారీ టైర్లతో సహా. మొదట్లో లారీల వాళ్లు వచ్చి "మేస్త్రీ యాడున్నడు?" అని అడిగేవాళ్లు. "నీ ముంగటనే ఉన్నడు" అనేదాన్ని. కొందరు నవ్వేవాళ్లు, కొందరు బండి తిప్పుకుని పోయేవాళ్లు.

టైరును కంటితో నమ్మొద్దు, చెవితో నమ్ము అని మా ఆయన నేర్పాడు. ఇనుప రాడ్డుతో కొడితే నిండు టైరు రాడ్డును వెనక్కి ఎగరేస్తుంది, టంగుమంటుంది. గాలి తగ్గిన టైరు దబ్బుమని దెబ్బను మింగేస్తుంది. డ్రైవర్ సైడు ముందు టైరుతో మొదలుపెట్టి, బండి చుట్టూ తిరిగి, మళ్లీ అక్కడికే రావాలి. ఏ ఒక్కటీ వదలకూడదు.

ఇంకొక అలవాటు నేను పెట్టుకున్నది. ఏ టైరు ఎక్కడుందో రాసుకోవడం రాదు కదా, అందుకని మా మరిది లారీని దుకాణం గోడ మీద బొగ్గుతో గీసి పెట్టాను. ముందు రెండు సున్నాలు, వెనక నాలుగు, డ్రైవర్ సైడు ఒక జంట, అవతల క్లీనర్ సైడు ఒక జంట, జంటలో ఒకటి లోపల, ఒకటి బయట. ఒక్కో సున్నాలో ఒక్కో గుర్తు, చేప, చుక్క, నెలవంక, అట్లా. టైరు మీదా అదే గుర్తు వేస్తాను. టైరు చోటు మారిస్తే గోడ మీది గుర్తునూ తుడిచి కొత్త చోట గీస్తాను.

మరిది అంటే మా ఆయన తమ్ముడు. నేను పెళ్లయి వచ్చేనాటికి వాడికి ఆరేళ్లు. ముక్కు తుడిచింది నేను, బడికి తరిమింది నేను. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, సొంత లారీ. నాగపూర్‌కు లోడ్లు తోలుతాడు. బండి కొత్తది. ఒక్కో టైరు లోపల గాలి ముక్కు దగ్గర ఒక బిళ్ల ఉంటుంది. గాలి ఎంతుందో ఆ బిళ్లలు బండి కంప్యూటర్‌కు చెబుతుంటాయట. స్టీరింగ్ కింద, మోకాలికి తగిలేచోట ఒక సాకెట్ ఉంది, మెకానిక్‌లు తమ మిషన్ తగిలించి బండి రోగం కనుక్కునేది. వాడు అగ్గిపెట్టెంత పరికరం ఒకటి కొని దానికి గుచ్చాడు. ఇక వాడి ఫోన్‌లో లారీ బొమ్మ, ఆరు సున్నాలు, ఒక్కో సున్నాలో ఒక అంకె.

"చూసినవా వదినా, నీ గోడ నా జేబులకొచ్చింది" అన్నాడు.

"నా గోడకు చార్జింగ్ పెట్టే పని లేదురా" అన్నాను.

ఆ పొద్దు లోడు ఎక్కించుకుని వచ్చి దుకాణం ముందు ఆపాడు. లారీలకు నో ఎంట్రీ షురూ కాకముందే ఊరు దాటాలి, అందుకే ఇంజన్ కూడా ఆపలేదు. ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"క్లీనర్ సైడు వెనక లోపలి టైరు ఎనభై ఆరు చూపెడ్తుంది. నూటపది ఉండాలె. జల్ది గాలి కొట్టు వదినా."

నేను రాడ్డు పట్టుకుని నేరుగా ఆ టైరు దగ్గరికే పోయాను. కొట్టాను. టంగుమంది. మీటర్ పెట్టి చూస్తే సరిగ్గా నూటపది.

"నిండుగనే ఉన్నదిరా."

"నీ మీటర్ ఎన్నిమాట్ల కిందపడ్డది?"

"రెండుమాట్ల."

"అబద్ధం."

"సరే, నాలుగు."

"మరి గదాన్ని నమ్మమంటవా? మిషన్ ఎందుకు తప్పు చెప్తది?"

"నా చెవి?"

"నీ చెవి సంగతి నాకు చెప్పకు. నిన్న ఫోన్ల అంత మొత్తుకుంటే పలికినవా?"

"పలకబుద్ధి కాలే."

నవ్వాడు. టైము చూసుకున్నాడు. నేనూ తగ్గాను. మీటర్ నిజంగానే పాతది, చెవులు నిజంగానే ముసలివి. కాస్త గాలి పట్టించాను. ఫోన్‌లో మాత్రం ఎనభై ఆరు కదల్లేదు.

"బండి నడిస్తెనే మారుతది వదినా. నిలవడ్డప్పుడు బిళ్లలు నిద్రపోతయ్" అన్నాడు. అదీ నిజమే, ఇంతకుముందు చూశాను. బండి పోయింది.

నాకు మాత్రం పాణం నిలవలేదు. ఆటో చక్రం ఒకటి పంచర్‌కు వస్తే విప్పాను, పానా ఎక్కడ పెట్టానో మరిచి చేతిలో ఉన్నదాన్నే వెతికాను. చాయ్ తెప్పించుకుని తాగలేదు. టైరు నిండుగా ఉంటే ఎనభై ఆరు ఎందుకు? నా చెవి తప్పా, మీటర్ తప్పా, మిషన్ తప్పా? చెవీ మీటరూ ఒక మాట మీదున్నాయి, మిషన్ ఇంకో మాట మీదుంది. అట్లా తిరుగుతుంటే ఒకటి తట్టి కాళ్లు ఆగిపోయాయి. నేను ఆ పొద్దు బండి చుట్టూ తిరగలేదు. ఫోన్ వేలు పెట్టి చూపిన టైరును కొట్టి ఊరుకున్నాను. ఇన్నేళ్లలో అట్లా ఎన్నడూ చేయలేదు.

మిగతా అయిదింటిని తలచుకుంటూ గోడకేసి చూశాను. నెలవంక ముందుంది.

ఎనిమిది రోజుల కింద డ్రైవర్ సైడు ముందు టైరు ఒక అంచున అరుగుతోందని నేనే విప్పాను. దాన్ని క్లీనర్ సైడు వెనక లోపలికి వేసి, లోపలున్న నెలవంక టైరును ఇనుప డిస్కుతో సహా ముందుకు తెచ్చాను. గోడ మీద తుడిచి గీశాను. వాడు పక్కనే నిలబడి చాయ్ తాగాడు. గోడకు నేను చెప్పాను, ఫోన్‌కు ఎవరూ చెప్పలేదు. బిళ్ల టైరుతోపాటు ముందుకొచ్చింది, బొమ్మ మాత్రం దాన్ని ఇంకా వెనకే అనుకుంటోంది. ఆ ఎనభై ఆరు వాడి కాళ్ల కింద టైరుది. లోడు బండికి ముందు టైరు పేలితే స్టీరింగ్ మనిషి మాట వినదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతాడు? బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని వాడి పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది నేనే. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. ఆటో ఆయన "అక్కా, నా చక్రం" అంటున్నాడు. చక్రం ఆయన చేతిలో పెట్టేశాను. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. రోడ్డు మీదికి పోయి, దుకాణంలోకి వచ్చి, ఫోన్ కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చి, మళ్లీ రోడ్డు మీదికి. కొంపల్లి దాటి ఉంటాడు. ఇప్పుడు వేగం పెంచి ఉంటాడు.

చివరికి వాడే చేశాడు.

"ఏందే వదినా నీ లొల్లి? నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల నా టైర్ల బొమ్మ మాయమైతుంది. మేడ్చల్ దాటి పక్కకు ఆపిన, నిన్ను తిట్టనీకె."

"తిట్టు. తిట్టుకుంటనే రాడ్డు తీస్కో."

"ఎందుకు?"

"ఇప్పుడెంత చూపెడ్తుంది?"

"డెబ్బై తొమ్మిది. గాలి కొట్టినంక సుత తగ్గుతుందేందని పరేషాన్ల ఉన్న."

"నీ సైడు ముంగటి టైరును కొట్టు. ఫోన్ దగ్గర పెట్టు."

తలుపు చప్పుడు, పక్క నుంచి పోతున్న బండ్ల హోరు, ఎవరిదో హారన్. తర్వాత దబ్బుమంది. రాడ్డు ఎగరలేదని నాకు ఇక్కడే తెలిసింది.

"వదినా."

"విన్న."

"నెలవంక ముంగట ఉన్నదే."

"ఉన్నది. నేనే పెట్టిన. మిగిలినయి సుత కొట్టు."

బండి చుట్టూ తిరిగాడు. అయిదు టంగులు విన్నాను. ముందు టైరులో వేలంత మేకు దిగి ఉందట. స్టెప్నీ ఎక్కించి జాకీ దించేదాకా నేను ఫోన్ పెట్టనివ్వలేదు. ఎండలో వాడు రొప్పుతుంటే ఇక్కడ నాకు చెమటలు.

తిరిగొచ్చాక మేకు తీసి పంచర్ వేసి నెలవంకను మళ్లీ ముందుకే ఎక్కించాను. మెకానిక్ మిషన్ తెచ్చి అదే సాకెట్‌కు తగిలించాడు. మా మరిది గోడ ముందు నిలబడి, నెలవంక ముందు, చేప వెనక అని చెబుతుంటే, ఏ బిళ్ల ఎక్కడుందో మెకానిక్ బండికి నేర్పాడు. ఒట్టు కూడా మార్చాం. బండి నడుపుతూ ఫోన్ ఎత్తకూడదు, కానీ నేను వరుసగా మూడుసార్లు చేస్తే పక్కకు ఆపాలి.

మొన్న ఏమీ లేకుండానే మూడుసార్లు చేశాను. ఆపాడు.

"ఏమైంది వదినా?"

"ఏం కాలే. ఆరూ ఒకసారి కొట్టి వినిపియ్యి."

గొణుక్కున్నాడు కానీ కొట్టాడు.