లాలాగూడ చెవిటి కవికి సన్మానం

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన యెషయాకు చిన్ననాటి జ్వరంతో వినికిడి పోయింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట గ్రహించేవాడు. కవిత్వం రాసేవాడు. భార్య మార్త సణిగితే కళ్లు మూసుకునేవాడు. దాంతో తగువు ముగిసేది.

చెవిటి పిల్లలకు బడి పెట్టమని ఏళ్లతరబడి నిజాం కచేరీల చుట్టూ తిరిగాడు. పోలీస్ యాక్షన్ తర్వాత కుర్చీల్లో మొహాలు మారాయి గానీ బద్ధకం మారలేదు. ఆ కొత్త మొహాలే మెట్టుగూడలో అతనికి సన్మానం తలపెట్టాయి. అధ్యక్షుడు శాలువా కప్పి, అతని చెవిలో నోరు పెట్టి గావుకేకలు పెట్టాడు. తర్వాత ఎదురుగా నిలబడి పక్కాయనతో నవ్వుతూ, "చెవిటోళ్లకు బడి ఏందయ్యా? గీ శాలువాతోనే ఖుష్ అయితడు" అన్నాడు.

యెషయా శాలువా తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టాడు. ఆయన కంగారుగా ఉపన్యాసం అందుకున్నాడు. యెషయా ముందు వరుసలో కూర్చుని, మొహం మీద తలుపేసినట్టు కళ్లు మూసుకున్నాడు.