రెండో కొక్కెం

"ఒక్కరే ఎక్కించుకోవాలంటే ఇదిగో, ఇదే మంచిది," అంది కారు సామాన్ల దుకాణంలో పనిచేసే రాగ్నా, గోడకు బిగించి పెట్టిన ఇనప చేతుల్ని కిందికి లాగి చూపిస్తూ. కారు పైకప్పు మీంచి పక్కకు వాలి నడుము దాకా దిగుతాయవి. కయాక్‌ను, అదే ఒక్కరు కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవను, వాటిలో పెట్టి పైకి తోస్తే చాలు, సగం బరువు అవే మోస్తాయి. భుజం అరిగిపోయిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

సోల్వి వాటిని ముట్టుకోనైనా లేదు. "రెండు కయాక్‌లకి?" అని అడిగింది.

"రెండింటికి మీ కారు ఒప్పుకోదు. పైకప్పు మోసే బరువులో వాటిని కట్టే రాక్ బరువు కూడా లెక్కే. అందరూ అది మర్చిపోయి కయాక్‌ల బరువే కూడుకుంటారు. ఈ చేతులు పెట్టించుకుంటే ఒక్కటే పడుతుంది. రెండు కావాలంటే ఈ కొక్కేలు. తేలికగా ఉంటాయి. కానీ తల మీదికి ఎత్తి పెట్టాలి. మీతో ఇంకొకరు వస్తారుగా?"

సోల్వి అద్దంలోంచి బయటికి చూసింది. వానలో కారు, కారులో ఆమె మొగుడు హాల్వర్, ఒళ్ళో చచ్చుబడ్డ కుడి చెయ్యి. రాగ్నా కూడా చూసింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు.

"వస్తాడు," అంది సోల్వి. "కొక్కేలే ఇవ్వు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కింటివాణ్ణి, రాక్ బిగించిపెట్టడానికి వెంట వచ్చినవాణ్ణి, దుకాణంలో రభస ఎందుకని ఊరుకున్నాను. బయటికొచ్చాక మాత్రం పట్టుకున్నాను.

"నీకేమైనా మతి పోయిందా? ఎవడెత్తుతాడు వాటిని?"

"నువ్వే. పొద్దస్తమానం కూర్చుని వాఫిళ్ళు మెక్కుతున్నావుగా, అరుగుతాయి."

"ఎత్తితే ఒకటెత్తుతా. రెండోదెందుకు మరి?"

"గొంతు తగ్గించు, ఐలిఫ్." ఆమె కారు వైపు వీపు పెట్టి నిలబడింది. "నాదొక్కటే కట్టుకుని బయల్దేరితే తను కిటికీలోంచి చూస్తాడు. నువ్విక రావు అని నేను మొహం మీద చెప్పినట్టే. అది నా వల్ల కాదు. అర్థమైందా?"

అర్థమైంది కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

సోల్వి మా తీరంలో సాల్మన్ చేపల్ని ఐసులో పేర్చే కార్ఖానాలో, పెళ్ళినాటి నుంచి నిరుటి దాకా నిలబడి పనిచేసిన మనిషి. పెట్టెలెత్తీ ఎత్తీ భుజం పోగొట్టుకుంది. ఊరికే నవ్వదు. నవ్విందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే. హాల్వర్‌ది కార్లను నీళ్ళు దాటించే ఫెర్రీ పడవ మీద ఉద్యోగం. ఏ లారీ ఎక్కడాగాలో, ఏ వరస ముందు కదలాలో చెయ్యెత్తి చూపించేవాడు. ఆదివారాలు ఇద్దరూ కయాక్‌లు వేసుకుని బయటి దీవుల దాకా పోయేవాళ్ళు. నీళ్ళ మీద తప్ప వాళ్ళిద్దరూ నాలుగు మాటలు కలిపి మాట్లాడుకోవడం నేనెరగను.

మా కయాక్ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. పెట్టింది హాల్వరే. కయాక్‌ను కారుకు కట్టినవాళ్ళు దాన్ని పరీక్షించకూడదు. రెండోవాళ్ళు వచ్చి దాని ముక్కు పట్టుకుని ఊపాలి. కయాక్ ఒక్కటే ఊగితే మళ్ళీ కట్టాలి. కారుతో సహా ఊగితే "పట్టుంది" అనాలి. ఆ మాట అనందే బండి కదలదు.

పోయిన శరత్కాలంలో హాల్వర్‌కు పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు, మాట అన్నీ ఒకే పూట పోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. మాటలు నాలుగొచ్చాయి: అవును, కాదు, కాఫీ, వాన. పాత కారు మరీ కిందికుంది, అతను ఎక్కి దిగలేకపోతున్నాడని ఎత్తయిన కారు కొన్నారు. పాత రాక్ దానికి పట్టలేదు. అతని కోసం కొన్న కారు పైకప్పే సోల్వి చేతికి అందకుండా పోయింది.

మా వాళ్ళకో రోగం ఉంది. అతనిక నీళ్ళలోకి దిగలేడని ఊరంతటికీ తెలుసు, ఒక్కరూ నోరు తెరిచి అనరు. "వసంతానికి చూద్దాం" అంటారు, కాఫీ తాగి లేచిపోతారు.

వసంతం రానే వచ్చింది. ప్రతి ఆదివారం అదే తంతు. సోల్వి పచ్చ కయాక్, హాల్వర్ ఎర్ర కయాక్, రెండూ ఎత్తి కొక్కేలకు చేర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. "ఎర్రదాన్ని క్లబ్బులో ఎవరో ఒకరు తిప్పుతున్నార్లే, నువ్వొచ్చేసరికి బాగుండాలిగా," అని సోల్వి అతనితో చెప్పింది. అబద్ధం. ఎవర్నీ దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఎర్రది కారు మీదే ఉండేది. ఆమె పచ్చదాంట్లో, నేను క్లబ్బు కయాక్ ఒకదాంట్లో అలా ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్ళం. ఇంటికొచ్చాక ఆమె గొట్టం పట్టుకుని ఉప్పు పోయేదాకా పచ్చదాన్ని కడిగేది. సముద్రం మొహమే చూడని ఎర్రదాన్నీ అంతే శ్రద్ధగా కడిగేది. చూడలేక నేను మా ఇంట్లోకి పోయేవాణ్ణి.

ఒక ఆదివారం వాన లేదు. సోల్వి గొట్టం తేవడానికి వెనక్కి వెళ్ళింది. హాల్వర్ కర్ర పట్టుకుని మెట్లు దిగాడు, ఎర్రదాని పొట్ట మీద వేలితో రుద్దాడు, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పెక్కడుంటుంది దానికి? నా వైపు చూశాడు. నేను తల దించుకుని తాళ్ళు చుట్టసాగాను. అతను లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం క్లబ్బు వసంతయాత్ర. తీరంలో దింపడానికి బోలెడుమంది ఉంటారు, నేను వెళ్ళక్కర్లేదు. ఎక్కించిపెడదామని పొద్దున్నే వెళ్ళాను. సోల్వి కారు పక్కన కొయ్యబారి నిలబడి ఉంది. పైకప్పు మీద ఒకటే కొక్కెం. రెండోది మెట్ల మీద, హాల్వర్ పక్కన. ఒంటి చేత్తో ఎంతసేపు కుస్తీ పట్టాడో, వేళ్ళ కణుపులన్నీ చీరుకుపోయి ఉన్నాయి.

"నువ్వే తీశావా?" అంది సోల్వి.

"అవును."

"ఎందుకు? నేను ప్రతి ఆదివారం... అది నీదిరా హాల్వర్, నీ చోటది!"

"కాదు," అన్నాడు.

ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ మనిషి ఏడవగలదని నాకు అంతవరకూ తెలియదు. అతను ఎడమ చెయ్యి ఆమె పాడు భుజం మీద వేశాడు.

పచ్చదొక్కటే ఎక్కించాం. తాళ్ళు సోల్వి కట్టింది. అలవాటుకొద్దీ ఊపబోయాను. హాల్వర్ కర్రతో నా కాలి మీద ఒకటేశాడు. తనే వచ్చి ముక్కు పట్టుకుని ఊపాడు. కారంతా ఊగింది.

"ప..." అన్నాడు. సోల్వి కారులో కూర్చుని, అద్దం దించి ఎదురుచూస్తోంది. "ప... ప..." మెడ నరాలు ఉబ్బాయి. మాట రాలేదు. అతని బదులు నేననబోతే ఆమె కళ్ళతోనే నా నోరు మూయించింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

చివరికి అతను పక్కకు జరిగాడు. ఎడమ చెయ్యెత్తి, ఫెర్రీ మీద మొదటి వరసకు చూపించినట్టు, కదలమని ముందుకు ఊపాడు. కారు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.

ఆ తర్వాత ఎర్రదాని వైపు తిరిగాడు. గడ్డిలో వెల్లకిలా, కూర్చునే బొక్క పైకి తెరుచుకుని పడి ఉందది. ఫెర్రీ నిండిపోయాక ఒడ్డున మిగిలిన బండికి ఆగమని చూపించే అరచెయ్యి దానికి చూపించాడు.

"వాన," అన్నాడు నాతో.

నేను వెళ్ళి దాన్ని బోర్లించాను.