రెండు పీకలు

మా సన్నాయి ఉస్తాద్ పాడె ముందు ఫోనులో సన్నాయి పెట్టించింది మీరే. ఎల్లారెడ్డి పెద్దమనుషులారా, తప్పించుకోకండి. పోయిన మంగళవారం ఆయన కన్నుమూశాడు. మర్నాడు శవయాత్రలో ఆయన కూతురు సన్నాయి చేతబట్టుకుని నిలబడితే, మీలో ఒకాయన వచ్చి, "నీ నాదం జర గరుకుంటది బిడ్డా, ఇయ్యాల వద్దు" అని స్పీకరు ఆన్ చేశాడు. అందులోంచి చక్కెర పాకం కారింది. పక్కనున్న డోలు ఒక దారి, ఆ పాట ఒక దారి. ఒక్కరికీ తెలియలేదు. "ఎంత తియ్యగున్నదో" అని తలలూపారు.

మీ చెవులను తిట్టే హక్కు నాకుంది. నావీ అలాంటివే. కామారెడ్డిలో కాలేజీ పాఠాలు చెప్పుకునే నేను, నడివయసులో ఆదివారాలు బస్సెక్కి ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. మొదటిరోజే నా చేతికి శ్రుతి సన్నాయి ఇచ్చాడు. దానికి పాట రాదు, ఒకే స్వరం పలుకుతుంది. ఆయన బిడ్డ వాయిస్తుంటే వెనక ఏడాదిపాటు ఆ 'స' ఒక్కటే పట్టాలి. ఆరు వారాలకే విసుగొచ్చింది. నా నాదం బాతు అరుపులా ఉందని కొత్త పీక తెచ్చుకున్నాను. పీక అంటే సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే రెల్లుముక్క.

ఆయన అప్పుడు తన పీకను నోట్లో నానబెడుతున్నాడు. అది నానేదాకా ఎవరొచ్చినా వేలెత్తి ఆగమంటాడు. ఆగాను. తీరిగ్గా తీసి, నా గొంతు వైపు చూపించాడు.

"ఆ పీక మారిస్తిరి సారూ, మంచిగనే ఉన్నది. మరి గీ పీకనెప్పుడు మారుస్తరు?"

"కామారెడ్డిల గొంతులు గూడ అమ్ముతరేమో బాపూ!" అని బిడ్డ పకపకా నవ్వింది.

మహమ్మద్‌నగర్ పెండ్లిలో ఒక ఆసామి, "ఉస్తాద్, జర తియ్యగ ఊదరాదు" అన్నాడు. "తీపి మిఠాయి దుకాణంల దొరుకుతది పటేలా. నా దగ్గర శ్రుతి ఉంటది" అని ఆయన మళ్లీ అందుకున్నాడు. తీపి మీద ఆయనకు పగ లేదు. నాతో అనేవాడు: "నాదమంటే ఎవల మొఖం ఆల్లది. శ్రుతి అందరిది. అది తప్పినంక మొఖం ఎట్లుంటేంది?"

ఇప్పుడు ఆయన ఆదివారం క్లాసుకు తీపి నాదం ఉన్నవాణ్ణి వెతుకుతున్నారట. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని మా అందరి శ్రుతి సరిచేసిన ఆయన బిడ్డను మాటవరసకైనా అడగలేదు. ఇది మీ చెవుల ఇష్టమట! గరుకు అన్నది సాకు. ఆడమనిషి చేతిలో సన్నాయి మీకు గుచ్చుకుంటోంది. ఆ మాట అనే దమ్ము లేక నాదం మీద నెడుతున్నారు.

కాబట్టి అడుగుతున్నాను:

క్లాసు ఆమెకే అప్పగించండి.

నేర్చుకోవడానికి వచ్చే మనిషి ఎవరైనా మొదటి ఏడాది శ్రుతే పట్టాలి. పెద్దమనుషుల పిల్లలకు మినహాయింపు లేదు.

ఆ స్పీకరు పెట్టినాయన ఆమె ఇంటికి పోయి తప్పయిందని చెప్పాలి.

ఆయన నెల దినం నాడు అందరూ రండి. ఆమె వాయిస్తుంది, వెనక 'స' నేను పడతాను. నా ఊపిరి తెగితే నవ్వుకోండి. కానీ ముందు, ఆయన పీక ఆమె నోట్లో నానుతుంటుంది. ఎవరూ ఫోను తీయొద్దు. అది నానేదాకా ఆగండి.